గరాటును గూర్చిన ఒక వాదము

జేమ్స్ జాయిస్ (1882–1941) రచించిన “ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మాన్” అను నవల 1916వ సంవత్సరమున గ్రంథరూపమున వెలువడెను. స్టీఫెన్ డెడలస్ అను పాత్ర పేర రచయిత తన బాల్యయౌవనములనే అందు చిత్రించెను. చదువరికి ఆ గ్రంథమున కథకంటె మాటలే యెక్కువ అడ్డుపడును. నిఘంటువు చూచినను తీరని చిక్కులు కొన్ని కలవు. వానికి ఐర్లండు చరిత్రయే వ్యాఖ్యానము.

తొలి పుటలలోనే డాంటీ అను ఇల్లాలి బీరువాలో రెండు బ్రష్షులు కనబడును. ముదురెఱుపు ముఖమలుది మైకేల్ డేవిట్ కొఱకు. పచ్చ ముఖమలుది పార్నెల్ కొఱకు. డేవిట్ 1879లో కౌలురైతుల పక్షమున భూసంఘమును స్థాపించినవాడు. పార్నెల్ స్వపరిపాలనోద్యమ నాయకుడు. 1890లో ఒక విడాకుల వ్యాజ్యమున పార్నెల్ పేరు బయటపడగా మతాచార్యులు ఆయనను త్యజించిరి, పక్షము చీలెను. మఱుసటి యేట అక్టోబరు 6వ తేదీన ఆయన మరణించెను. డాంటీ కత్తెరతో ఆ పచ్చముఖమలును చీల్చివేసినది. జాతి రెండుగా చీలిన సంగతి ఆ పసివానికి ఒక బ్రష్షు వలన తెలిసెను.

ఇంతకంటె గంభీరమైనది గరాటు ముచ్చట. కళాశాలలో ఇంగ్లండునుండి వచ్చిన మతగురువొకడు దీపమున నూనె పోయుటను గూర్చి చెప్పుచు ‘ఫనెల్’ అనెను. స్టీఫెన్ దానిని ‘టండిష్’ అనెను. గురువు ఆ మాట యెన్నడును వినలేదు. ఐర్లండు మాటయా యని యడిగెను. యువకుని మనస్సు చివుక్కుమనెను. పుట్టిననాటినుండి పలుకుచున్న భాషలోనే తాను పరాయివాడైనట్లు తోచెను.

ఆ నొప్పికి కారణములు గలవు. 17వ శతాబ్దమున ఐర్లండు భూములలో ఇంగ్లండు, స్కాట్లండు దేశస్థులను కాపురముంచిరి. 1831లో ఏర్పడిన జాతీయ పాఠశాలలలో బోధన ఇంగ్లీషుననే సాగెను. 1845నుండి 1852 వఱకు ప్రబలిన కఱవున సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ గాని జనము ఓడలెక్కిరి. ఐరిష్ భాష పలుకు పశ్చిమప్రాంతపు పేదలే అందఱికంటె హెచ్చుగా నశించిరి. 1893లో గేలిక్ సంఘము పుట్టి ఆ భాషను నిలుపజూచెను. తల్లిభాష పోయినది, వచ్చిన భాష తనది కాదందురు. స్టీఫెన్ ఈ రెంటి నడుమ నిలిచినవాడు.

కాని నవల చివర అతడు నిఘంటువు తెఱచి చూడగా ‘టండిష్’ స్వచ్ఛమైన ప్రాచీనాంగ్లపదమే యని తేలెను. షేక్స్పియరు నాటకమునను అది కలదు. గురువుగారి ‘ఫనెల్’ మాత్రము లాటిన్ నుండి దక్షిణ ఫ్రాన్సు మీదుగా వచ్చి చేరినది. ఏలినవారు మఱచిన మాటను ఏలబడినవారు దాచియుంచిరి. నేటికిని ఉక్కు కర్మాగారములలో కరగిన లోహమును అచ్చులలోనికి వదలు పాత్రకు ‘టండిష్’ అనియే పేరు. విశాఖపట్టణపు కార్మికులకు అది నిత్యవ్యవహారము.

ఇది ఐర్లండువారికి మాత్రమే పనికివచ్చు కథయా? గిడుగు రామమూర్తిగారు (1863–1940) సవరల పలుకులను వారి నోటనే విని నేర్చి, వారి భాషకు నిఘంటువు కూర్చిరి. విన్న పిదప తీర్పు చెప్పుట పండితధర్మము. మన యిండ్లలో అవ్వలు పలుకు మాటను, పల్లెబాలుడు వ్యాసమున వ్రాసిన మాటను మనము వినలేదు గనుక తప్పని యెఱ్ఱసిరాతో కొట్టివేయుదుము. గీత గీయుటకు ముందు నిఘంటువు చూడవలెను. అందు లేనిచో ఆ బాలునే యడుగవలెను. తన మాట తప్పని నమ్మిన బాలుడు క్రమముగా మాటలాడుటయే మానును. ఆ మౌనమును సరిదిద్దు సిరా ఏ ఉపాధ్యాయుని యొద్దను లేదు.