షెర్బూర్ గొడుగులు

పాటల్లేని సినిమా మనకి ఉప్పులేని పప్పు. మరి సినిమా మొత్తం పాటే అయితే? "షెర్బూర్ గొడుగులు" అనే ఫ్రెంచి చిత్రం మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. కార్ల షెడ్డులో మెకానిక్కులు మాట్లాడుకున్నా పాటే, తల్లి కూతుర్ని కోప్పడినా పాటే! మన పద్యనాటకాల్లోనైనా మధ్యమధ్య మాటలుంటాయి కదా. అరగంట గడిచేసరికి నవ్వు పోయింది. ఆఖరికొచ్చేసరికి పైటచెంగు తడిసింది.

1964లో జాక్ దెమీ తీశాడు దీన్ని. సంగీతం మిషెల్ లెగ్రాన్. ఆ ఏడు కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి దీనికే వచ్చింది.

కథ చిన్నదే. రేవుపట్నం షెర్బూర్‌లో గొడుగుల కొట్టు నడిపే ఒకావిడ కూతురు జెనెవియేవ్. పదిహేడేళ్ళ పిల్ల. గీ అనే మెకానిక్కుని ప్రేమించింది. 1957 చివర్లో అతనికి సైన్యం నుంచి పిలుపొచ్చింది. అతను వెళ్ళాక తెలిసింది, తను నెల తప్పిందని. ఉత్తరాలు పలచబడ్డాయి. అప్పుల్లో ఉన్న తల్లికి నగల వ్యాపారి రొలాన్ దేవుడిలా కనబడ్డాడు. "పుట్టబోయే బిడ్డ నా బిడ్డే" అనుకుని మరీ చేసుకున్నాడతను.

ఇందులో దుర్మార్గుడెవరో చెప్పండి చూద్దాం! రొలాన్ మంచివాడు. తల్లిని గయ్యాళి అనలేం. మరి వీళ్ళనెవరు విడదీశారు?

అల్జీరియా యుద్ధం. 1830 నుంచి ఫ్రెంచివాళ్ళ చేతికింద పడివున్న ఆ దేశం 1954 నవంబరులో తిరగబడింది. ఫ్రాన్సు పదిలక్షల మందికి పైగా కుర్రాళ్ళని నిర్బంధంగా సైన్యంలో చేర్చుకుని సముద్రం దాటించింది. 1962లో అల్జీరియాకి స్వాతంత్ర్యం వచ్చేలోగా అక్కడివాళ్ళు లక్షల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంత జరిగినా ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని "యుద్ధం" అనలేదు, శాంతిభద్రతల పని అంది. యుద్ధమేనని చట్టంలో ఒప్పుకున్నది 1999లో!

సినిమాలో తుపాకి మోగదు. గీ రాసిన ఉత్తరంలోనూ, తిరిగొచ్చాక అతని కుంటినడకలోనూ తప్ప యుద్ధమే కనబడదు. షెర్బూర్‌లో ఉన్న ఆడపిల్లకి మాత్రం ఎలా కనబడుతుంది? ఆమెకి యుద్ధమంటే పోస్టుమాను రాని రోజు. చరిత్ర పుస్తకాల్లో చచ్చిపోయినవాళ్ళ లెక్క ఉంటుంది గాని, ఎదురుచూసి ఎదురుచూసి ఇంకొకరి చెయ్యి పట్టుకున్న పిల్లల లెక్క ఎవరు రాశారు?

గీ తిరిగొచ్చేసరికి గొడుగుల కొట్టు చేతులు మారింది. కొన్నాళ్ళు తిరుగుబోతయ్యాడు. పెంచిన అత్త పోయింది. ఆవిడకి సేవచేసిన మదలేన్ అతన్ని మనిషిని చేసింది. పెళ్ళి చేసుకుని పెట్రోలు బంకు పెట్టుకున్నారు.

1963 క్రిస్మసు ముందురాత్రి, మంచు కురుస్తుండగా ఆ బంకులో ఒక పెద్ద కారు ఆగింది. జెనెవియేవ్! కారులో చిన్నపిల్ల, అతని కూతురు. చూస్తావా అని అడిగింది. వద్దన్నట్టు తలూపాడు.

"ఒక్కసారి చూస్తే నీ సొమ్మేం పోయింది నాయనా" అని అప్పట్లో అతనిమీద మండిపడ్డాను. ఈమధ్య మళ్ళీ చూశాను. కారు వెళ్ళిపోగానే మదలేన్ కొడుకుని తీసుకుని బజారునించి వస్తుంది. గీ వెళ్ళి పిల్లాడితో మంచులో ఆడుకుంటాడు. ఈసారి అతన్ని తిట్టబుద్ధి కాలేదు.