చిప్‌లో దాగిన లెక్క

1996 జులై 19న జపాన్‌లో 'స్టార్ ఓషన్' అనే వీడియో గేమ్ విడుదలైంది. తయారుచేసింది ట్రై-ఏస్, మార్కెట్లోకి తెచ్చింది ఎనిక్స్. ఆ గేమ్ ఆడే నింటెండో సూపర్ ఫామికామ్ యంత్రం వచ్చి అప్పటికి ఆరేళ్లు కావస్తోంది. వందల మెగాబైట్లు పట్టే సీడీలతో నడిచే ప్లేస్టేషన్ దుకాణాల్లోకి వచ్చి ఏడాదిన్నర దాటింది. స్టార్ ఓషన్ క్యాసెట్‌లోని మెమరీ మాత్రం 48 మెగాబిట్లు, అంటే 6 మెగాబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో చేతులు మారే పెళ్లి వీడియో ముక్క కూడా అంతకంటే పెద్దదే. ఆ కాస్త చోటులో ఊళ్లకు ఊళ్లు, యుద్ధాలు, కదిలే బొమ్మలు ఇమిడాయంటే దానికి కారణం ఆ మెమరీ పక్కనే బోర్డు మీదున్న ఒక చిప్. పేరు ఎస్-డీడీ1. దాని లోపలి లెక్క ఏమిటో నింటెండో బయటికి చెప్పలేదు. ఏడేళ్ల తర్వాత ఆ లెక్కను బయటివాళ్లు, చిప్‌ను పగలగొట్టకుండానే తేల్చారు.

ఇది హైదరాబాద్ కృష్ణానగర్‌లో జరిగిన కథ కాదు. అయినా కృష్ణానగర్‌లో చెప్పుకోవలసిన కథే. యూసుఫ్‌గూడ నుంచి పంజాగుట్ట, అమీర్‌పేట వైపు సాగే ఈ గల్లీల బతుకంతా సినిమా చుట్టూ తిరుగుతుంది. తెల్లవారుజామున షూటింగ్ బండి కోసం రోడ్డు మీద నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, డబ్బింగ్ చెప్పేవాళ్లు, ఎడిటింగ్ గదులు, గ్రాఫిక్స్ కుర్రాళ్లు, పోస్టర్లు, పెళ్లి పత్రికలు చేసే డీటీపీ షాపులు. కాస్త దూరంలోనే అమీర్‌పేట మైత్రీవనం, కొన్ని తరాలకు ప్రోగ్రామింగ్ నేర్పిన చోటు. బొమ్మను, శబ్దాన్ని, అక్షరాన్ని డేటాగా మార్చి బతికే పేట ఇది.

90ల్లో మన పిల్లలు టీవీకి తగిలించి ఆడినవి చాలావరకు నింటెండో పాత 8-బిట్ యంత్రానికి నకళ్లు. మారియో, కాంట్రా క్యాసెట్లు కూడా నకళ్లే. విప్పి చూస్తే లోపల నల్లటి జిగురు ముద్ద, దాని కింద చిప్. అసలు క్యాసెట్లలో నింటెండో పెట్టిన, మెమరీని నియంత్రించే చిప్‌లు ఎలా పనిచేస్తాయో తైవాన్ తయారీదారులు తిరగదీసి తెలుసుకుని, అలాగే పనిచేసే చిప్‌లు చేసి అమ్మారు. రివర్స్ ఇంజినీరింగ్ అనే మాట వినకముందే మన పిల్లల చేతుల్లోకి ఆ పని ఫలితం వచ్చేసింది. అది వ్యాపారం కోసం జరిగింది. ఎస్-డీడీ1 మీద పనిచేసినవాళ్లకు కావలసింది వేరు.

స్టార్ ఓషన్ అప్పట్లో జపాన్‌లో, జపనీస్‌లో మాత్రమే వచ్చింది. బయటి అభిమానులు కంప్యూటర్ మీద సూపర్ ఫామికామ్‌ను అనుకరించే ప్రోగ్రాములు రాసుకున్నారు. జెడ్‌ఎస్‌నెస్, స్నెస్9ఎక్స్ వాటిలో పేరున్నవి. క్యాసెట్‌లోని మెమరీని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసినా స్టార్ ఓషన్ సరిగా కనిపించేది కాదు. బొమ్మలు కుదించిన రూపంలో ఉన్నాయి, విప్పే తాళంచెవి చిప్‌లో ఉంది. మొదట్లో దొరికిన ఉపాయం గ్రాఫిక్స్ ప్యాక్‌లు. ఏ చిరునామా దగ్గరి డేటాను గేమ్ అడుగుతుందో గుర్తించి, అసలు చిప్ విప్పి ఇచ్చిన బొమ్మలను ముందే దాచి, అనుకరణ ప్రోగ్రాముకు అందించడం. ప్యాక్‌లోకి ఎక్కని బొమ్మ గేమ్‌లో ఎదురైతే తెర మీద చెత్త పడేది. పని గడిచింది కానీ చిప్ అర్థం కాలేదు. లోకంలోని ఆ చిప్‌లన్నీ చెడిపోయిన రోజున కొత్తగా ఒక్క బొమ్మను కూడా విప్పలేని పరిస్థితి అది.

చిప్ చేసే పనిని కాస్త నెమ్మదిగా చూడాలి. అందమంతా అక్కడే ఉంది. సూపర్ ఫామికామ్‌లో బొమ్మ 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉండే చదరాలుగా ఉంటుంది. 16 రంగుల చదరమైతే ఒక్కో చుక్కకు 4 బిట్లు, మొత్తం 32 బైట్లు. ప్రాసెసర్ జోక్యం లేకుండా ఈ డేటాను పెద్ద మొత్తంలో బొమ్మల మెమరీలోకి తోసే దారి ఒకటుంది, దాన్ని డీఎంఏ అంటారు. మెమరీకి, యంత్రానికి మధ్యలో ఉన్న ఎస్-డీడీ1 ఆ దారిని కనిపెట్టుకుని ఉంటుంది. ఫలానా చోటు నుంచి డేటా పంపమని డీఎంఏ అడగగానే కుదించిన బిట్లు తీసుకుని, విప్పిన బొమ్మను అక్కడికక్కడే అందిస్తుంది. ప్రాసెసర్ దృష్టిలో అది మామూలు మెమరీ చదవడమే.

విప్పడం వెనుక ఉన్నది ఊహ. ఆకాశం నీలంగా ఉంటే పక్క చుక్క కూడా నీలమే అయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ప్రతి బిట్‌కూ ముందు, చుట్టుపక్కల అప్పటికే తేలిన బిట్లను చూసి, తర్వాతిది 0 అవుతుందా 1 అవుతుందా అని చిప్ అంచనా కడుతుంది. ఇలా చూసే పరిసరాలను చిప్ 32 సందర్భాలుగా విభజిస్తుంది. ప్రతి సందర్భానికీ ఇంతవరకు తన అంచనాలు ఎంత బాగా నిజమయ్యాయో గుర్తుపెట్టుకునే స్థితి ఒకటి ఉంటుంది. ఆ స్థితుల పట్టికలో వరుసలు 33. అంచనా నిజమవుతున్నంతసేపు ఒక్కో బిట్‌నూ విడిగా రాయాల్సిన పని లేదు, వరుసగా ఎన్నిసార్లు నిజమైందో సంఖ్య రాస్తే చాలు. అలాంటి వరుసలను పొదుపుగా రాసే కోడ్‌ను అమెరికన్ గణితవేత్త సాలమన్ గోలంబ్ 1966లో ప్రచురించాడు. దానికి సందర్భాన్ని బట్టి మారే అంచనాను జోడించిన పద్ధతి జపాన్ కంపెనీ రికోది. సూపర్ ఫామికామ్ ప్రాసెసర్ తయారుచేసింది కూడా రికోనే.

ఇదంతా ఇప్పుడు తెలుసు కాబట్టి తేలిగ్గా చెప్పగలుగుతున్నాం. అప్పుడు పరిశోధకుల చేతిలో ఉన్నవి చిప్‌లోకి వెళ్లే బిట్లు, బయటికొచ్చే బైట్లు, అంతే. ఆండ్రియాస్ నైవ్ అనే పరిశోధకుడు ఆ రెంటి మధ్య జరిగేదాన్ని ఊహిస్తే, అసలు చిప్ దగ్గరున్న సహచరులు దాని మీద ప్రయోగాలు చేసి ఫలితాలు అందించారు. ఎంచుకున్న బిట్లు పంపడం, జవాబు చూడటం, అంచనా తప్పితే మళ్లీ మరో బిట్ల వరుస. ఎక్కడా రాసి లేని పట్టికలను జవాబుల నుంచే కూడగట్టడం ఇది. కుదించిన డేటా ఎక్కడ ముగుస్తుందో కూడా డేటాలో రాసి ఉండదు; డీఎంఏ అడిగినన్ని బైట్లు ఇచ్చి చిప్ ఆగిపోతుంది. ఇలాంటి చిన్న విషయమే ఎన్నో అంచనాలను తారుమారు చేయగలదు. నైవ్, జాన్ వైడ్‌మన్‌ల పరిశోధన ఆధారంగా బ్రాడ్ జార్ష్ రాసిన కోడ్ 2003 కాపీరైట్‌తో స్నెస్9ఎక్స్‌లో చేరింది. ఇక ప్యాక్‌ల అవసరం లేదు.

ఎస్-డీడీ1 వాడిన గేమ్‌లు రెండే, స్టార్ ఓషన్, స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 2. ఎప్సన్ చేసిన మరో కుదింపు చిప్, ఎస్‌పీసీ7110, హడ్సన్ కంపెనీ గేమ్‌లు మూడింటిలో ఉంది. ఐదు గేమ్‌ల కోసం ఇంత శ్రమా అని అడిగేవాళ్లున్నారు. అవసరమేనని నా అభిప్రాయం. ఎందరు వాడారన్నదాన్ని బట్టి జ్ఞానం విలువ కట్టడం మొదలుపెడితే సగం లైబ్రరీ మూసేయాలి.

చట్టం మాటేమిటి? నకళ్ల వ్యాపారం నేరమే. పనితీరును పరిశీలించి తెలుసుకోవడం వేరు. 1992లో సెగా, అకొలేడ్ కంపెనీల కేసులో అమెరికా అప్పీల్ కోర్టు ఆ తేడాను గుర్తించింది. మన కాపీరైట్ చట్టంలోనూ 52వ సెక్షన్‌కు 1999లో చేసిన సవరణ, చట్టబద్ధంగా పొందిన ప్రోగ్రాము వెనుక ఉన్న సూత్రాలను పరిశీలించి, పరీక్షించి తెలుసుకునే వీలు కల్పించింది. అమీర్‌పేటలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ ఈ సంగతి తెలియాలి.

కుదింపు శాస్త్రంలో తెలుగు పేరు కూడా ఉంది. నసీర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి కామిశెట్టి రామమోహన్ రావు 1974లో ప్రచురించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ మీదే జేపెగ్ ఫొటోలు, ఎంపెగ్ వీడియోలు నిలిచాయి. కృష్ణానగర్ ఎడిటింగ్ గదుల్లో రోజూ తిరిగే ఫైళ్లలో ఆ లెక్క ఉంది. అయితే జేపెగ్ కంటికి ఆనని వివరాన్ని కొంత వదిలేస్తుంది. ఎస్-డీడీ1కు ఆ వెసులుబాటు లేదు, ఒక్క బిట్ తప్పినా ఆ తర్వాతి అంచనాలన్నీ తప్పుతాయి. జేపెగ్ లెక్క అందరికీ తెలిసిన ప్రమాణం కాబట్టి యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ ఫొటో తెరుచుకుంటుందన్న నమ్మకం ఉంది.

ఆ నమ్మకం లేని సరుకు మన దగ్గరే బోలెడుంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో ఫాంట్ వాడేవి. ఒకదానిలో 'క' ఉన్న స్థానంలో మరోదానిలో ఇంకేదో అక్షరం ముక్క. ఫాంట్ లేకపోతే తెర మీద చెత్తే. తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున 'పద్మ' అనే ఉపకరణం తయారుచేసి, ఆ ఫాంట్ల అమరికలను యూనికోడ్‌లోకి మార్చే దారి వేశారు. చిప్ లేదు, గోలంబ్ కోడ్ లేదు, కానీ ఇది ఆ పనికి తోబుట్టువే: ఎవరో మూసిపెట్టిన అమరికను బయటి నుంచి చదివి అందరికీ ఇవ్వడం. పద్మ చేరని మూలలు ఇంకా ఎన్నో ఉన్నాయి. డీటీపీ షాపుల పాత హార్డ్ డిస్కుల్లో అను ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాలు, స్క్రిప్టులు, కరపత్రాలు ఉన్నాయి. వాటిని చేసిన పేజ్‌మేకర్ ప్రోగ్రామును కొత్త కంప్యూటర్ల మీద నడపడం ఏటికేడు కష్టమవుతోంది.

కృష్ణానగర్ షాపుల వాళ్లకు, ఇళ్లలో పాత సీపీయూ మూలన పడేసినవాళ్లకు నా విన్నపం ఒక్కటే. దాన్ని తుక్కు బండికి వేసేముందు ఫైళ్లు కాపీ చేయండి. ఫైళ్లతో పాటు అవి ఏ ఫాంట్లో ఉన్నాయో ఆ ఫాంటును కూడా కాపీ చేసి, ఏ ప్రోగ్రాములో చేశారో దాని పేరును, వెర్షన్ నంబరును ఒక కాగితం మీద రాసి పెట్టండి. వీలైతే ఒక పేజీ ప్రింటు కూడా తీసి జత చేయండి. లోపలి డేటా, బయటి రూపం రెండూ పక్కపక్కన ఉంటే రేపు విప్పబోయేవాళ్ల పని సగం పూర్తయినట్టే.