ఏడ్చే చెట్టు కథ

కాశ్మీరు వెళ్ళివచ్చినవారు నీళ్ళ ఒడ్డున జడలు విరబోసుకున్నట్లు కొమ్మలు వేలాడదీసే చెట్టును చూసే ఉంటారు. ఇంగ్లీషువారు దాన్ని వీపింగ్ విల్లో అంటారు, అంటే ఏడ్చే విల్లో. పారశీకులకది మజ్నూ చెట్టు. ఎటు చూసినా విషాదమే!

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి బాబిలోను పేరు తగిలించాడు. బైబిలులో చెరబట్టబడిన యూదులు బాబిలోను నదుల ఒడ్డున తమ సితారాలు తగిలించిన చెట్లు ఇవేననుకున్నాడు. అసలు దీని పుట్టిల్లు చైనా. ఆ నదుల ఒడ్డున ఉండేవి పోప్లార్ జాతివని తర్వాతివారు తేల్చారు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

దేశదేశాలకు దీన్ని మోసుకెళ్ళింది మాత్రం ఒక సమాధి. 1821లో నెపోలియన్‌ను సెయింట్ హెలెనా దీవిలో, ఊటనీటి పక్కన విల్లోల నీడలో పాతిపెట్టారు. చూడవచ్చినవాళ్ళు తలా ఒక రెమ్మ విరుచుకుపోయారు. మన మునగకొమ్మలాగే విల్లో రెమ్మ కూడా తడినేలలో గుచ్చితే చాలు, వేళ్ళు తొడుగుతుంది. అలా ఎన్నో ఊళ్ళలో "నెపోలియన్ విల్లో" లేచింది. పాపం, ఆ అభిమానానికి తల్లిచెట్లు దెబ్బతిన్నాయి.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. రెమ్మ నుంచి పెరిగినవన్నీ ఒక్క చెట్టు కిందే లెక్క కదా! ఒకదాన్ని పట్టిన తెగులు మిగతావాటినీ సులువుగా పట్టేస్తుంది. వానలు వదలకపోతే ఆకులమీద నల్లమచ్చలు, లేతకొమ్మలమీద పుండ్లు. రాలిన ఆకులు ఊడ్చి తీసేయాలి, పొడి రోజుల్లో పుండుపడ్డ కొమ్మలు కోసేయాలి. చలిదేశాల్లో ఉన్న మన ఆడపడుచులెవరైనా పెరట్లో నాటదలిస్తే మురుగు గొట్టాలకు బాగా దూరంగా నాటండి. తడిని వెతుక్కుంటూ దాని వేళ్ళు చిన్న పగులు దొరికినా అందులో దూరతాయి.