నగరానికి నాడి చూసినవారు



జ్వరంతో ఉన్న మనిషి డాక్టరు దగ్గరకు వెళితే ఆయన మొట్టమొదట ఏం చేస్తారు? నాడి చూస్తారు. నాలుక చూస్తారు. ఎన్ని రోజులుగా జ్వరం వస్తోందో, ఏ నీళ్లు తాగుతున్నారో అడుగుతారు. ఆ తరువాతే మందు రాస్తారు. ఏమీ చూడకుండా మందు రాసే డాక్టరు దగ్గరకు మనం రెండోసారి వెళ్లం.

మరి జబ్బు చేసింది మనిషికి కాక ఊరికి అయితే? ఊరికి కూడా నాడి చూడాలా? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఇదే. 1896 నుంచి 1927 వరకు, సుమారు 30 ఏళ్ల కాలంలో మన దేశంలోని మూడు నగరాలకు పెద్ద జబ్బులు చేశాయి. బొంబాయికి, ఇందౌర్‌కు ప్లేగు వచ్చింది. హైదరాబాదుకు వరద వచ్చింది. మూడు చోట్లా చికిత్స జరిగింది. ఎక్కడ ఎంత ఫలించిందో, ఎందుకు ఫలించిందో చూద్దాం.

బొంబాయి: సగమే తెలిసిన రోగం

1896 సెప్టెంబరులో బొంబాయి రేవుకు దగ్గరలోని మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వీగస్ ఒక వింత జ్వరాన్ని పరిశీలించి, అది గడ్డల ప్లేగు అని గుర్తించారు. అప్పటికే బొంబాయి నూలు మిల్లుల నగరం. మిల్లు కార్మికులు చాల్ అనే పొడవాటి ఇళ్లలో, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం చొప్పున, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువగా, కిక్కిరిసి ఉండేవారు. వెలుతురు తక్కువ, గాలి తక్కువ, మురుగు ఎక్కువ.

ప్లేగు ఎలా వ్యాపిస్తుందో ఆనాటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. చెడుగాలి వల్ల, నేలలోని మాలిన్యం వల్ల వస్తుందని చాలామంది నమ్మేవారు. 1898లో కరాచీలో పనిచేస్తున్న ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమండ్, ఎలుకల మీద ఉండే గోమార్లు ప్లేగును మోసుకువస్తాయని ప్రయోగం చేసి చూపారు. గోమారి అంటే పశువుల మీద, ఎలుకల మీద ఉండి రక్తం తాగే చిన్న పురుగు. కానీ ఆయన మాటను శాస్త్రలోకం ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది.

అదే 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. నగరాన్ని బాగుచేయడం దాని పని. సముద్రపు గాలి ఇరుకు పేటల్లోకి వీచాలని పడమర నుంచి తూర్పుకు వెడల్పైన రోడ్లు వేశారు. ప్రిన్సెస్ స్ట్రీట్, శాండ్‌హర్‌స్ట్ రోడ్డు అలా వచ్చినవే. దాదర్, మాటుంగా ప్రాంతాల్లో చెట్లు, ఖాళీస్థలాలు, వెడల్పైన వీధులు గల కొత్త పేటలను రూపొందించారు. ఈనాటికీ అవి చక్కటి పేటలుగా పేరు పొందాయి.

అయితే రోడ్డు వేయాలంటే ఇళ్లు కూల్చాలి. కూల్చినంత వేగంగా కొత్త ఇళ్లు కట్టలేదు. గూడు పోయిన కూలీలు ఎక్కడికి వెళతారు? మిల్లుకు నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉండాలి కదా! పక్క సందులోని చాల్‌లో మరో కుటుంబంతో కలిసి తలదాచుకున్నారు. అక్కడ ఇరుకు మరింత పెరిగింది. అంటే, ఒక వీధిలో తగ్గిన జబ్బు పక్క వీధికి మారింది. రోగం గాలిలో ఉందనుకుని గాలికి దారి ఇచ్చారు. ఎలుక సంగతి, మనిషి బతుకుతెరువు సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

ఇందౌర్: వీధి వీధీ నడిచిన జీవశాస్త్రవేత్త

ఇక్కడ మీకు ఒక విశిష్టమైన వ్యక్తిని పరిచయం చేయాలి. ఆయన పేరు పాట్రిక్ గెడ్డెస్. స్కాట్లాండుకు చెందినవారు. 1854లో పుట్టారు. ఇంజనీరు కాదు, జీవశాస్త్రవేత్త. ప్రసిద్ధ శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ దగ్గర చదువుకున్నారు. ఒక జీవిని దాని పరిసరాల నుంచి విడదీసి అర్థం చేసుకోలేమని జీవశాస్త్రం చెబుతుంది. ఊరిని కూడా అలాగే చూడాలని గెడ్డెస్ అనేవారు.

1914లో ఆయన నగర నిర్మాణం మీద ఒక ప్రదర్శన తీసుకుని మన దేశానికి బయలుదేరారు. పటాలు, చిత్రాలు వేరే ఓడలో వస్తుండగా, మొదటి ప్రపంచయుద్ధం మొదలై, జర్మనీ యుద్ధనౌక ఎండెన్ ఆ ఓడను ముంచివేసింది. ఆయన నిరాశ పడలేదు. మిత్రుల సాయంతో మళ్లీ పటాలు సేకరించి, 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన పెట్టారు. ఆ తరువాత చాలా ఊళ్లు కాలినడకన తిరిగి, ఒక్కొక్క ఊరి మీద ఒక్కొక్క నివేదిక రాశారు.

తంజావూరులో పాత ఇళ్ల మధ్య నుంచి తిన్నని కొత్త రోడ్లు వేయాలన్న ప్రతిపాదనను ఆయన పరిశీలించారు. ఉన్న సందులే చాలు అన్నారు. బాగా శిథిలమైన కొన్ని ఇళ్లు మాత్రం తీసివేసి, ఆ ఖాళీని చిన్న చావడిగానో, తోటగానో వదిలితే ప్రతి ఇంటికీ గాలి, వెలుతురు అందుతాయని చూపారు. ఖర్చూ తక్కువ, గూడు కోల్పోయేవారూ తక్కువ. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరును మనం ‘సంరక్షక శస్త్రచికిత్స’ అని చెప్పుకోవచ్చు. కుళ్లిన భాగాన్ని మాత్రమే తీసివేసి, ఆరోగ్యంగా ఉన్న శరీరాన్ని కాపాడే వైద్యం అన్నమాట.

కొద్దికాలానికి ఇందౌర్ సంస్థానం ఆయనను పిలిపించింది. అక్కడ ప్లేగు. కొలతలు తీసుకుంటూ సందుల్లో తిరిగే ఈ తెల్లదొరను చూసి, మన ఇళ్లు కూల్చడానికే వచ్చాడని జనం భయపడ్డారు. గెడ్డెస్ ఆ భయాన్ని గమనించారు. మహారాజు అనుమతితో దీపావళి ఊరేగింపు బాధ్యతను తానే తీసుకున్నారు. ఈసారి ఊరేగింపు మామూలు దారిలో వెళ్లదు, ఇళ్లు శుభ్రం చేసి, మరమ్మతు చేసి, సున్నం వేసిన వీధుల గుండానే వెళుతుంది అని చాటింపు వేయించారు.

ఇక చూడండి! వీధి వీధికీ పోటీ పుట్టింది. బండ్ల కొద్దీ చెత్త ఊరు దాటింది. ఊరేగింపులో ఒక పెద్ద ప్లేగు ఎలుక బొమ్మను నడిపించారు. కొత్త బట్టలు కట్టి, పూలదండలు వేసుకుని పారిశుద్ధ్య కార్మికులు సగౌరవంగా నడిచారు. ఎప్పుడూ ఎవరూ పిలిచి దండ వేయని మనుషులకు ఆ రోజు దండలు పడ్డాయి.

తరువాత ప్లేగు తగ్గింది. ఊరేగింపు వల్లనే తగ్గిందని చెప్పడం శాస్త్రీయం కాదు. ప్లేగుకు కాలాన్నిబట్టి హెచ్చుతగ్గులు ఉంటాయి. కానీ చెత్త లేకపోతే ఎలుకకు తిండి లేదు. ఎలుక లేకపోతే గోమారి లేదు. ఆ గొలుసును జనం తమ చేతులతో తామే తెంచారు. బొంబాయిలో జనం చికిత్సకు లోనైనవారు. ఇందౌర్‌లో వారే వైద్యులయ్యారు. తేడా అక్కడ ఉంది.

హైదరాబాదు: నదికి ఎగువన దొరికిన మందు

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ ఒడ్డున హైదరాబాదును నిర్మించాడు. 1908 సెప్టెంబరు 28న అదే మూసీ ఆ నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ చెట్టును ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో భద్రంగా కాపాడుతూ వచ్చారు.

నిజాం ప్రభుత్వం మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహాదారుగా రప్పించింది. నగరం మునిగింది కాబట్టి నగరంలోనే గోడలు కట్టాలని అనుకోవడం సహజం. విశ్వేశ్వరయ్య మాత్రం నగరంతో ఆగలేదు. నీరు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగి, ఎగువ ప్రాంతపు వర్షం లెక్కలు తెప్పించారు. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాలు, అంటే సుమారు 325 మిల్లీమీటర్ల వాన కురిసిందని తేలింది.

ఇక్కడ మనం ఒక చిన్న లెక్క చేద్దాం. 1 చదరపు కిలోమీటరు నేల మీద 325 మిల్లీమీటర్ల వాన పడితే 3,25,000 ఘనపు మీటర్లు, అంటే 32.5 కోట్ల లీటర్ల నీరు. ఇది ఒక్క చదరపు కిలోమీటరుకే! ఆ నీటిని ఎవరు ఆపాలి? చెరువులు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండేవి. వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీటి తాకిడికి కింది చెరువు తెగుతుంది. ఇలా గొలుసుకట్టుగా తెగిన చెరువుల నీరంతా వాన నీటితో కలిసి ఒక్కసారిగా నగరం మీదికి వచ్చింది.

రోగం తెలిసింది కాబట్టి మందూ తెలిసింది. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలి. వరద వచ్చినప్పుడు నీటిని అక్కడ పట్టి ఉంచి, నది భరించగలిగినంత మాత్రమే కిందికి వదలాలి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ముంచిన నీరే తాగునీరైంది. మురుగునీటి పారుదలకు కూడా విశ్వేశ్వరయ్య పథకం రూపొందించారు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వెడల్పు చేసింది. ఇరుకు వాడల స్థానంలో ఇళ్ల వరుసలు కట్టింది. వరద పాడుచేసిన ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఎదురెదురుగా లేచాయి. ఆ భవనాలను చూసి మనం ముచ్చటపడతాం. కానీ వాటిని నిలబెట్టింది నగరంలో ఎవరికీ కనిపించని, ఎగువన ఉన్న ఆ రెండు కట్టలు.

మరచిపోతే?

మందు ఎందుకు ఇచ్చారో మరచిపోతే రోగం తిరగబెడుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. లోతట్టు పేటలు మునిగాయి. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు చెరువులకు గండ్లు పడి కాలనీలు నీట మునిగాయి. 1908 నాటి పాఠమే మళ్లీ! చెరువు శిఖంలో, నాలా మీద ఇల్లు కడితే నీటికి దారి ఉండదు. మట్టి నేల కొంత నీటిని పీల్చుకుంటుంది, సిమెంటు నేల పీల్చుకోదు. అందుకని అదే వానకు ఇప్పుడు ఎక్కువ వరద వస్తుంది.

జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో నిర్మాణాలపై 1996లో ఆంక్షలు విధించారు. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ ఉత్తర్వు వెలువడింది. తమ భూమి విలువ పెరగలేదని ఆ గ్రామాల రైతులు ఏళ్ల తరబడి బాధపడ్డ మాట నిజం. ఎగువన నేల సిమెంటుగా మారితే దిగువన నగరానికి ముప్పు అన్నదీ నిజం. లాభం ఒకరికి, నష్టం మరొకరికి కాకుండా ఈ చిక్కును విప్పడం ఎలా? రేపు ఇంజనీర్లు, అధికారులు, ఓటర్లు కాబోయే మీరు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది.

ఈ పాఠం ముగించే ముందు మీకు ఒక పని. ఈసారి గట్టి వాన పడినప్పుడు మీ వీధిని గమనించండి. నీరు ఎటు నుంచి వస్తోంది? ఎక్కడ ఆగుతోంది? ఎటు పోవాలని చూస్తోంది? వాన వెలిశాక ఒక కాగితం మీద పటం గీయండి. మీ ఇంట్లోని పెద్దవారిని అడిగి, పూర్వం ఆ దారిలో కాలువ గాని, కుంట గాని ఉండేదేమో కనుక్కుని దాన్ని కూడా ఆ పటంలో గుర్తించండి.

అప్పుడు మీరు మీ ఊరికి నాడి చూసినట్టే. మందు ఆ తరువాతి మాట.