మానాలనుకున్నవాడు ఎక్కడ కూర్చోవాలి

మన ములకలపల్లి వైపు మందు మానాలనుకున్న మనిషికి దొరికేవి పసరు, ఒట్టు, మాల. మాలలో ఉన్నన్నాళ్లూ బెల్టుషాపు వైపు తలెత్తి చూడనివాడు శబరిమల నుంచి వచ్చిన వారానికే మళ్లీ అక్కడ తేలడం మీరూ చూసే ఉంటారు. అతనికి పట్టుదల లేక కాదు. దీక్షలో ఉన్నప్పుడు కులం, హోదా చూడకుండా ‘స్వామీ’ అని పిలిచి పక్కన కూర్చుని తిన్న మనుషులున్నారు. మాల తీశాక వాళ్లు లేరు. అలాంటి తోడును ఏడాది పొడుగునా నిలిపే పద్ధతి అమెరికాలో నేనుంటున్న ఒహైయో రాష్ట్రంలో పుట్టింది. నేను మానింది దానివల్లే. పత్రికల్లో పేరు చెప్పుకోకపోవడం ఆ పద్ధతిలో ఆనవాయితీ, అందుకే ఇక్కడ నా పేరుండదు.

ఈ దేశంలో తాగుడు మీద పోరు ఆదివాసుల దగ్గర నుంచే చెప్పాలి. వర్తకులు జంతుచర్మాలకు బదులు సారా పోసి వాళ్ల ఊళ్లను గుల్ల చేశారు. సెనెకా తెగకు చెందిన హ్యాండ్‌సమ్ లేక్ తాగి తాగి మంచం పట్టి, 1799లో కోలుకుని లేచి, తన జనానికి సారా వదలమని ఊరూరా చెప్పాడు. ఇప్పసారా పండగల్లో ఉన్న కాలమూ, కాంట్రాక్టరు దుకాణం వచ్చిన కాలమూ రెండూ ఎరిగిన మన కోయగూడేలకు ఆయన బాధ వేరే చెప్పక్కర్లేదు. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు వాషింగ్టనియన్ల సంఘం పెట్టారు. లక్షలమంది ఒట్టు వేశారు, లింకన్ వచ్చి ప్రసంగించాడు. కానీ సంఘం రాజకీయాల్లో, చట్టాల గొడవల్లో చిక్కుకుని పదేళ్లు తిరక్కముందే చెదిరిపోయింది. ఆ తర్వాత 1920లో దేశమంతా నిషేధం పెట్టి, 1933లో ఎత్తేశారు. మనకూ అంతే: 1993లో సారా ఆగింది, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో అదీ పోయింది. దుకాణం మూయించడం అవసరమే. అయితే సాయంత్రం చేతులు వణుకుతుంటే ఎటు పోవాలో చట్టం చెప్పదు.

1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి ఏదో కంపెనీ తగాదా మీద ఒహైయోలోని అక్రన్ ఊరొచ్చి ఓడిపోయాడు. తాగుడు మాని అయిదు నెలలు. హోటల్ వసారాలో ఒక పక్క బారు, ఇంకో పక్క టెలిఫోను. తాగకుండా ఉండాలంటే తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలనిపించి చర్చీల వాళ్లకు ఫోన్లు చేశాడు. అలా చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు, ఆయన ఆ ఊరి సర్జన్. పావుగంట చాలంటూ వచ్చిన బాబ్ రాత్రి పదకొండు దాటాక గానీ లేవలేదు. అప్పటిదాకా ఆయనకు నీతులు చెప్పినవాళ్లే అందరూ, తన కథ చెప్పినవాడు ఇతనొక్కడే. తర్వాత బాబ్ మళ్లీ జారాడు. జూన్ 10న ఆపరేషన్ చేయాల్సిన చేతులు నిలవడానికి బిల్ ఆయనకు ఒక బీరు ఇచ్చాడు. బాబ్ తాగిన ఆఖరిది అదే. అలా మొదలైన సంఘం, ఆల్కహాలిక్స్ అనానిమస్, ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

ఆ బీరు సంగతి ఇంకో విషయం కూడా చెబుతుంది. ఏళ్లతరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ముందు ఆస్పత్రి, ఆ తర్వాతే ఈ సంఘం మీటింగు. మన దేశంలో 14446కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

1950లో ఆ సంఘం క్లీవ్‌లాండ్ మహాసభలో ఒప్పుకున్న సంప్రదాయాల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఒకటుంది: సభ్యుడు కావడానికి మానాలన్న కోరిక ఉంటే చాలు. ఫీజు లేదు, పైనుంచి హుకుం లేదు, ఏ గ్రూపుకి ఆ గ్రూపే. అందుకే అన్ని మీటింగులూ ఒక్కలా ఉండవు. కొన్ని అందరికీ, కొన్ని తాగుడు మానాలనుకునేవాళ్లకే. ఆడవాళ్లవి వేరేగా ఉంటాయి, దేవుడి ఊసెత్తనివీ ఉంటాయి. మొదటి మీటింగు నచ్చకపోతే ఇంకోచోటికి పొమ్మని పాతవాళ్లే చెబుతారు. నేను చూసేది రెండే: మాట్లాడేవాడు తన కథ చెబుతున్నాడా, ఉపదేశమిస్తున్నాడా? అయిపోయాక కొత్తవాడి దగ్గరికి వచ్చి ఎవరైనా ఫోన్ నంబరు ఇస్తున్నారా?

మన దేశంలో ఈ మీటింగులు 1957 నుంచీ ఉన్నాయి. హైదరాబాద్‌లో జరుగుతాయి, ఫోన్లోనూ జరుగుతాయి. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే, పరువు పోతుందన్న భయం నిజమైనదే. ఒహైయోలోని చిన్న ఊళ్లవాళ్లూ పక్క ఊరి మీటింగుకే పోతారు. ములకలపల్లి మనిషి పాల్వంచలోనో కొత్తగూడెంలోనో మరొకడితో కూర్చోవచ్చు. అక్రన్‌లో మొదలైంది కూడా ఇద్దరితోనే.

అక్కడ మగవాళ్లు మాట్లాడుకుంటుంటే వాళ్ల కోసం వచ్చి ఎదురుచూస్తున్న భార్యలు తమలో తాము చెప్పుకోవడం మొదలుపెట్టారు. 1951లో బిల్ భార్య లోయిస్ ఆ గుంపులన్నిటినీ అల్-అనాన్‌గా కూడగట్టింది. మన దగ్గరా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడుల్లో చదువుకుంటూ ఒకరి గోడు ఒకరు విన్నాకే సారా దుకాణం మీదికి కదిలారు. మన గూడేల్లో డ్వాక్రా సంఘం కూర్చునే రోజు ఎలాగూ ఉంది. పొదుపు లెక్కలయ్యాక ఒక పావుగంట, ఇంట్లో తాగేవాడున్న అక్కాచెల్లెళ్లు తమ మాట చెప్పుకోవడానికి ఉంచండి. ఆ పావుగంటలో ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వొద్దు, విన్నది గడప దాటనివ్వొద్దు.