కూలర్ తీసేసి ఏసీ పెట్టిస్తున్నారా? ముందు గది గాలి సంగతి చూసుకోండి

ఎండలు మొదలవగానే హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఒకటే మాట. ఈసారి పాత కూలర్ తీసేసి ఏసీ పెట్టించుకుందాం అని. చల్లదనంతో పాటు గాలి కూడా శుభ్రమవుతుందని, పిల్లల దగ్గు, పెద్దవాళ్ల ఆయాసం తగ్గుతాయని ఆశ. షోరూంలో చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. కానీ కూలర్ పని చేసే తీరు వేరు, ఏసీ పని చేసే తీరు వేరు. ఆ తేడా తెలియకుండా మారిస్తే గది చల్లబడుతుంది గానీ గాలి మాత్రం పాడవుతుంది.

కూలర్ బయటి గాలిని తడి గడ్డి గుండా లాగి గదిలోకి నెడుతుంది. లోపలికి వచ్చిన గాలి పోవడానికి ఎదురుగా కిటికీయో తలుపో తెరిచి ఉంచుతాం. అంటే కూలర్ నడిచినంతసేపూ గదిలో గాలి మారుతూనే ఉంటుంది. స్ప్లిట్ ఏసీలో అలా కాదు. గోడ మీది యూనిట్‌కీ, బయటి యూనిట్‌కీ మధ్య రాగి పైపుల్లో తిరిగేది గ్యాసే, గాలి కాదు. గదిలో ఉన్న గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. పాత విండో ఏసీల్లో చాలావాటికి బయటి గాలి కోసం చిన్న మీట ఉండేది. స్ప్లిట్ ఏసీల్లో మామూలుగా అదీ ఉండదు.

బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం ఉంటుంది. తలుపులు, కిటికీలు బిగించి ఒకే గదిలో నలుగురు పడుకుంటే కొన్ని గంటల్లోనే అది 1,000 దాటి ఇంకా పైకి పోతుంది. ఆ స్థాయిలో అది విషమేం కాదు, గాలి మారడం లేదని చెప్పే గుర్తు. పొద్దున్నే తల బరువుగా ఉండటానికి ఇది ఒక కారణం కావచ్చు. ఒకరికి జలుబు ఉంటే ఆ క్రిములు, వంటింటి పొగ, అగరుబత్తి పొగ కూడా ఆ గదిలోనే తిరుగుతుంటాయి. దోమల కాయిల్ అయితే మరీ ఘోరం. ఒక కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమైన సన్నని ధూళి వస్తుందని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఏసీ గదిలో కాయిల్ వెలిగించడం అసలు వద్దు.

అలాగని కూలరే మంచిదని కాదు. దాని గడ్డి ముతక దుమ్మును ఆపుతుంది గానీ, ఊపిరితిత్తుల లోతుకు చేరే పీఎం 2.5 ధూళిని ఆపలేదు. ఇల్లు బస్సులు తిరిగే రోడ్డు పక్కన ఉంటే ఆ పొగంతా లోపలికే. నీళ్లు మార్చకపోతే ట్యాంకులో డెంగీ దోమ పెరుగుతుంది. గుడ్లు అంచులకు అంటుకుని ఉంటాయి కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోస్తే చాలదు, గోడలు రుద్ది కడగాలి. జూన్‌లో వానలు పడ్డాక కూలర్ గదిని చల్లబరచడం మానేసి తేమను పెంచుతుంది. తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే గోడలకు బూజు, పరుపుల్లో కంటికి కనిపించని పురుగులు పెరుగుతాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ రెండూ శత్రువులే. ఈ విషయంలో ఏసీది పైచేయి, తేమను లాగి పైపు ద్వారా బయట పోస్తుంది.

గాలికి దారి

పాతబస్తీ ఇళ్లలో పైకప్పు దగ్గర చిన్న వెంటిలేటర్ ఉంటుంది. ఏసీ బిగించే రోజు చల్లదనం పోతుందని దానికి ప్లైవుడ్డో థర్మకోలో కొట్టేస్తారు. చాలా ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఇదేనని చెప్పాలి. పూర్తిగా మూయకుండా వేలు పట్టేంత సందు వదిలేయండి. ఒకవైపు కిటికీ కొద్దిగా తెరిచి, ఇంకోవైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి పడుకునే ముందు పది పదిహేను నిమిషాలు నడిపితే ఇంకా మంచిది. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. కిటికీ ఎప్పుడు తెరవాలన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. ఎండాకాలం తెల్లవారుజామున తెరవాలి. చలికాలం రాత్రి, తెల్లవారు పొగ నేలకు దగ్గరగా పేరుకుంటుంది కాబట్టి మధ్యాహ్నం తెరవడం మేలు.

ఊదు, లోబాన్ వేసే అలవాటున్న ఇళ్లలో మరో జాగ్రత్త. పొగ వేసేటప్పుడు ఏసీ ఆపి కిటికీలు తెరవాలి. నిప్పు ఉన్న బొగ్గులను మూసిన గదిలో వదిలి ఎవరూ పడుకోకూడదు. కాలుతున్న బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికాలం కుంపటికీ, మూసిన బాత్రూంలో పెట్టిన గ్యాస్ గీజర్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

ఎన్ని టన్నులు, ఏ ఫిల్టర్

పెద్ద ఏసీ అయితే ఎక్కువ మేలు అనుకోవద్దు. 120 చదరపు అడుగుల గదికి మామూలుగా ఒక టన్ను చాలు, 180కి దగ్గరైతే ఒకటిన్నర. పై అంతస్తులో ఎండ నేరుగా పడే స్లాబు కింద గదికి కొంత ఎక్కువ కావాలి. అవసరానికి మించిన ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగేంతసేపు నడవదు. గది చల్లగానే ఉంటుంది కానీ జిగటగా ఉంటుంది. స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు 2020 జనవరి నుంచి 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి, దాన్ని 18కి దించాల్సిన పని లేదు.

పీఎం 2.5 ఫిల్టర్ ఉందని ఎక్కువ ధర చెబితే తొందరపడకండి. అసలైన హెపా ఫిల్టర్ చాలా దట్టంగా ఉంటుంది, గోడ ఏసీలోని ఫ్యాన్‌కు దాని గుండా గాలి నెట్టే బలం ఉండదు. అందుకే ఏసీలో సాధారణంగా పెట్టేది పలుచని పొర. ఇంట్లో ఆస్తమా పిల్లలుంటే ఆ డబ్బుతో గది కొలతకు సరిపడే ప్యూరిఫైయర్ విడిగా కొనడమే నయం. అదీ ధూళిని పట్టేదే, కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు. ఏసీ జాలీని మాత్రం సీజన్‌లో రెండు వారాలకోసారి కడుక్కోవాలి. నీళ్లు పోయే పైపుకు వాలు సరిగ్గా లేకపోతే లోపలే నీరు నిలిచి, స్విచ్ వేయగానే ముక్క వాసన కొడుతుంది. బిగించే రోజే ఒక చెంబెడు నీళ్లు పోయించి చూడండి.

పాత ఏసీని మార్చేవాళ్లు దాన్ని నేరుగా కబాడీకి వేయొద్దు. పదేళ్లు దాటిన చాలా ఏసీల్లో ఆర్-22 గ్యాస్ ఉంటుంది. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,800 రెట్లు ఎక్కువ. యంత్రం నడిచే స్థితిలో ఉంటే మెకానిక్ గ్యాసంతా బయటి యూనిట్‌లోకి లాగి, వాల్వులు బిగించి, ఆ తర్వాత పైపులు విప్పగలడు. పది నిమిషాల పని. పైపు కోయకముందే ఈ మాట అతనికి చెప్పాలి.