మూసీ వరదా, మునిగినవారికి ప్రథమ చికిత్సా

1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు తట్టుకుని నిలిచింది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ తెగిపోయాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సైతం నీటిపాలైంది. అక్కడి చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. మృతులు పదిహేను వేలని అంచనా.

నీటిలోంచి తీసినవారికి ఆనాటి కొత్త వైద్యం ఎడిన్‌బరో ఆచార్యుడు షేఫర్ 1903లో చెప్పినది: బోర్లా పడుకోబెట్టి, వీపు కింది పక్కటెముకలపై లయగా నొక్కడం. అదే సుమారు అర్ధశతాబ్దం చెలామణీ అయింది. నోటితో ఊపిరి ఊదడమే మేలని 1950ల చివర పీటర్ సాఫర్ నిరూపించాడు. 1960లో ఛాతీ నొక్కడం తోడైంది.

మన వీధుల్లో మాత్రం కడుపు నొక్కి నీళ్లు కక్కించడం ఇంకా పోలేదు. అది ప్రమాదం, కక్కినది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. వెంటనే 108కి ఫోను చేయించాలి (2005లో మన హైదరాబాదులోనే మొదలైన సేవ). శ్వాస లేకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో ఊది, ఆపై ఛాతీ నడుమ 30 నొక్కులు, రెండు ఊదుల చొప్పున ఆంబులెన్సు వచ్చేదాకా సాగించాలి. నొక్కు రెండంగుళాల లోతు దిగాలి. మోకాళ్లు వంగని మనబోటివారు పక్కనున్న కుర్రవాడిచేత చేయిస్తూ, లెక్క పైకి చెప్పవచ్చు.